ఏడుపు సున్నా

ఏడవని పిల్లని మా చేతుల్లో పెట్టి చప్పట్లు కొట్టారు. అదేదో మేం పెట్టి పుట్టినట్టు! ఆ చప్పట్లు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నా పేరు ఇందుమతి. మునిసిపల్ హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. మైకు పాడైన రోజు ప్రార్థన దగ్గర హెడ్మాస్టరు గారు నన్నే పిలుస్తారు, ఆ మాత్రం గొంతుంది నాకు. మా ఆయన కొండలరావు బజార్లో ఇన్వర్టర్ బ్యాటరీల కొట్టు నడుపుతారు. గొంతు విషయంలో నాకు పూర్తిగా ఎదురు. ఇంట్లో మూడో మనిషి మా అత్త తవుడమ్మ. ఆవిడకంటే ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కలేదట. అందుకని ఈవిడ పుట్టగానే పక్కింటావిడకి ఇచ్చేసి, కుంచెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుని ఆ పేరే పెట్టారు. పిల్లని దత్తత తెచ్చుకుంటామని చెబితే ఆవిడ అడ్డు చెప్పలేదు సరికదా, "నానూ కొనుక్కున్న గుంటనే కదేటే, తెచ్చుకోండి" అంది.

దరఖాస్తు పెట్టి కళ్ళు కాయలు కాచాక వెన్నెల శిశు సదనం నుంచి పిలుపొచ్చింది. పెద్ద హాలు. రెండు వరసల్లో తెల్లటి ఊయలలు. తలుపు తీయగానే నా కాళ్ళు ఆగిపోయాయి. అంతమంది పసివాళ్ళున్న చోట ఫ్యాను తిరిగే చప్పుడు వినపడుతోంది.

"నిద్రపోతున్నారా?" అన్నాను గుసగుసగా. నేను గుసగుసలాడటం మా ఆయన వినడం అదే మొదటిసారి.

"లేదు మేడమ్, అందరూ మెలకువగానే ఉన్నారు. మీరు గట్టిగానే మాట్లాడొచ్చు," అన్నారు డైరెక్టరు సుదర్శనం గారు నవ్వుతూ. ఇస్త్రీ నలగని మనిషి.

ఆయన మమ్మల్ని ఒక ఊయల దగ్గరికి తీసుకెళ్ళారు. అందులో అయిదు నెలల ఆడపిల్ల, కాలికి మెత్తటి పట్టీ. మేం చూస్తుండగానే ఊయల పైనున్న నీలం దీపం వెలిగింది. పిల్ల కళ్ళు దాని మీదికి వెళ్ళాయి. పక్కనుంచి సన్నటి చెయ్యిలాంటిదొకటి వంగి పాలపీక నోటికి అందించింది. పిల్ల తాగింది, పీక వెనక్కి పోయింది, దీపం ఆరిపోయింది. ఊయల అంచున చిన్న బోర్డు మీద 'ఏడుపు: సున్నా' అని వెలుగుతోంది.

"నిశ్చింత ఊయల అంటారు మేడమ్ దీన్ని. పాపకి ఆకలి వేయబోతోందని పట్టీకి ముందే తెలిసిపోతుంది. చెమట, ఊపిరి, పొట్టలో కదలిక, అన్నీ చూస్తుంది. గుడ్డ తడిస్తే తనే ఆరబెడుతుంది, చలేస్తే వెచ్చబెడుతుంది. ఏడ్చాక పాలివ్వడం పాతకాలం. మా దగ్గర ఏ పిల్లా ఏడవదు. ఏడవాల్సిన అవసరమే రానివ్వం."

నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి, సంతోషంతోనే. ఇంత బాగా చూసుకునేవాళ్ళు ఉన్నారా అనుకున్నాను. ఏం తెలుసు నా మొహానికి!

వాళ్ళు పెట్టిన పేరు ప్రశాంతి. మేం పెట్టుకున్న పేరు భైరవి. కలెక్టరు గారి ఆర్డరు వచ్చాకే పిల్ల మా పిల్లవుతుంది. అప్పటిదాకా మా దగ్గరే ఉంటుంది గానీ ఊయల కూడా మా ఇంటికి రావాలి, స్నానానికి తప్ప పట్టీ తీయకూడదు. పిల్ల ఏడిస్తే పట్టీ ఆ కబురు సదనానికి చేరవేస్తుంది. ఏడుపులు ఎక్కువైతే మాకు పెంచడం చేతకాదని లెక్క, పిల్లని వెనక్కి తీసుకుపోతారు. అన్నిటికీ తలూపాం. ఆ క్షణంలో కొండెక్కమన్నా ఎక్కేవాళ్ళం.

ఇంటికొచ్చాక వీధి వీధంతా వచ్చి చూసింది. "అబ్బ, ఎంత బుద్ధిమంతురాలమ్మా! మావాడు పుట్టినప్పుడు మూణ్ణెల్లు కంటి మీద కునుకు లేదు" అని ఎదురింటి మాణిక్యం మెటికలు విరిచింది. నేను మురిసిపోయాను. మా అత్త మాత్రం ఊయల చుట్టూ తిరిగి తిరిగి, ముక్కు మీద వేలేసుకుంది.

"ఏటే ఇది, ఈ గుంట ఏడవదేటి? అడగందే అమ్మైనా పెట్టదంటారు. దీనికి అడగడమే రాదు. రేపు మనకాడ ఏటడుగుతాది?"

"అడక్కుండానే అన్నీ అందుతుంటే అడగడం దేనికత్తా?" అన్నాను.

"అందుకే అంటన్నాను."

నేను పట్టించుకోలేదు.

పసిపిల్లలకి నీళ్ళు పోయడంలో మా అత్తకి వీధిలో పేరుంది. పీట మీద కూర్చుని, కాళ్ళు బారచాపి, పిల్లని బోర్లా వేసుకుని, నూనె రాసి సున్నిపిండితో నలిచి, ఆవిర్లు కక్కే నీళ్ళు చెంబులతో పోస్తుంది. ఏళ్ళ తరబడి నాని మొద్దుబారిన ఆ కాళ్ళకీ చేతులకీ వేడి తెలిసి చావదు. ఆవిడ వేడి చూసుకునేది పిల్ల గొంతుతో. మొదటి చెంబు కాళ్ళ మీద పోస్తుంది. గుక్కపట్టి ఏడిస్తే చన్నీళ్ళు కలుపుతుంది. మామూలుగా ఏడిస్తే ఇంకో చెంబు పోస్తుంది. వీధిలో పిల్లలందరూ అలా పెరిగినవాళ్ళే. మొదట్లో నీళ్ళు నేనే పోసేదాన్ని, గోరువెచ్చగా. పిల్లకి ఎనిమిదో నెల వచ్చాక ఒక ఆదివారం మాత్రం ఆవిడ పట్టుబట్టింది. "అలా తడిపితే ఒళ్ళు ఎలా గట్టిపడతాది? ఇలాగియ్యి."

నేను తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. పట్టీ తీసి గట్టు మీద పెట్టాం. మొదటి చెంబు పడింది. పిల్ల కిక్కురుమనలేదు. "నీళ్ళు సరిపోనాయి," అని అత్త రెండోది పోసింది. పిల్ల ఒళ్ళు ఒక్కసారి బిగుసుకుంది. మెడ తిప్పి గుమ్మంలోంచి గదిలోకి, ఊయల ఉన్న వైపు చూసింది. కళ్ళు ఇంతింత చేసుకుని చూసింది. దిక్కులు చూస్తోంది కాబోలు అనుకున్నాను నేను. అత్త మూడోది పోసింది.

పిల్లని వెల్లకిలా తిప్పితే తొడ కంది ఎర్రగా పొంగుతోంది.

"ఒలమ్మో! గుంట కాలు కాలిపోనాదే! ఏడవనేదే, అమ్మో, ఇది ఏడవనేదే!" అని మా అత్త గుండెలు బాదుకుంది.

ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం. డాక్టరు మందు రాస్తుంటే కూడా పిల్ల నోరు విప్పలేదు. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, గొంతులో చప్పుడు లేదు. గోడ మీద ఏదో మిషను తాలూకు చిన్న లైటు వెలుగుతుంటే దానివైపే చూస్తోంది. నా మొహం దాని మొహానికి జానెడు దూరంలో ఉంది. నావైపు ఒక్కసారైనా చూడలేదు.

ఆసుపత్రి నుంచి కబురందిందేమో, మర్నాడు సుదర్శనం గారు దిగారు. ఆయన చొక్కా అప్పుడూ నలగలేదు.

"మచ్చ లేని పాప మేడమ్. మీ దగ్గరికొచ్చాక ఇలా అయింది."

"ఒళ్ళు కాలుతుంటే కేక పెట్టడం రాని పిల్లని మా చేతిలో పెట్టారు. ఆ మాట ముందు చెప్పారా?"

"పట్టీ తీశాక జరిగినదానికి ఊయల బాధ్యత ఉండదు. పైగా పాపది ప్రశాంతమైన స్వభావం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "స్వభావమా? పిల్ల గొంతు నొక్కేసి దానికి స్వభావమని పేరు పెడతారా! సిగ్గుండక్కర్లా!"

మా ఆయన నా చెయ్యి పట్టుకుని "ఇందూ, ఇందూ" అంటున్నారు. సుదర్శనం గారు చేతులు కట్టుకుని మెత్తగా చెప్పారు. కాలు మానాక కలెక్టరు గారు సదనానికి వస్తారు. ఆ హాల్లోనే, ఆవిడ ఎదురుగా, పాపని ఊయలలో పడుకోబెట్టి మేం నేల మీద గీసిన గీత అవతల నిలబడాలి. పాప ప్రశాంతంగా ఉంటే మేం మంచి తల్లిదండ్రులం, ఆర్డరు మీద సంతకం పడుతుంది. ఏడిస్తే మా ఇల్లు పాప మనసు పాడు చేసిందని అర్థం. ఇక పాప మాకు లేనట్టే.

నోరు మూసుకుని ఊరుకునే రకం కాదు నేను. ఊయల తయారుచేసినవాళ్ళ ల్యాబు విశాఖలో ఉందని కనుక్కుని, స్కూలుకి సెలవు పెట్టి బస్సెక్కాను. దాన్ని కనిపెట్టిన డాక్టర్ విభావరి నా వయసు మనిషే. కసిరి పంపేస్తుందనుకున్నాను. కుర్చీ చూపించింది. జరిగింది చెబుతుంటే వింటూ పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చుంది.

"నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక వార్డు ఉండేదండీ, తల్లులు వదిలేసిన పిల్లల వార్డు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి పడుకునేవారు. ఎత్తుకునే దిక్కు లేదు. ఆ ఏడుపు ఇంక ఎక్కడా వినకూడదని దీన్ని తయారుచేశాను," అంది.

"మీరు వినకూడదని చేశారు. వాళ్ళు ఏడవడం మానేశారు. ఎత్తుకునే దిక్కు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు."

ఆవిడ లేచి నన్ను లోపలి గదికి తీసుకెళ్ళింది. తెర మీద సదనం పిల్లల వీడియోలు వేసింది. ఒక పిల్లాడికి ఈగ కంటి మీద వాలింది. వాడు దీపం వైపు చూశాడు. ఇంకో పిల్ల చెయ్యి ఊయల కమ్మీలో ఇరుక్కుంది. అదీ దీపం వైపు చూసింది. ఊయలకి ఈగ సంగతి తెలీదు, కమ్మీ సంగతి తెలీదు. దీపం వెలగలేదు. పిల్లలు చూస్తూనే ఉన్నారు.

"ఏడిస్తే ఒక మనిషి వస్తుందని పిల్లకి తెలియాలి. వచ్చి, ఎందుకేడుస్తోందో తెలీక తికమకపడి, ఎత్తుకుని తిప్పాలి. అక్కణ్ణించే అంతా మొదలవుతుందని నాకూ ఆలస్యంగా అర్థమైంది," అంది విభావరి. "పైవాళ్ళకి చెప్పాను. ఊయలలు అమ్ముడుపోతున్నాయి, బహుమతులొస్తున్నాయి, ఎవరూ వినట్లేదు."

"నా పిల్లకి ఏడుపు మళ్ళీ వస్తుందా?"

"ఎనిమిది నెలలంటున్నారు కదా. ఇప్పుడైతే రావచ్చు. ఏడాది దాటితే... నాకు తెలీదండీ. ఊయలలో గడిచే ప్రతి రోజూ అది ఇంకా కష్టమవుతుంది."

ఇంటికొచ్చి ఊయల దీపం మీద నా పాత డ్రిల్లు టోపీ బోర్లించాను. పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను. మా ఆయన నా పక్కన చతికిలబడ్డారు.

"ఆర్డరు వచ్చేదాకా ఆగవే. అయిపోయాక నీ ఇష్టం వచ్చినంత ఏడిపించుకో. ఇప్పుడు నేర్పి, సరిగ్గా ఆ హాల్లో ఏడిస్తే? పిల్లే మనకి లేకుండా పోతుంది ఇందూ."

"వాళ్ళు ఆర్డరు ఎప్పుడిస్తారో ఎవరికి తెలుసు? ఈలోగా దాని గొంతు పూర్తిగా పూడుకుపోతే? అప్పుడు మన చేతిలో ఉండేది కాగితమే. పిల్ల ఆ దీపానిది."

"నాకు భయంగా ఉంది."

"నాకు మాత్రం లేదేంటి!" అని అరిచాను. పిల్ల ఉలిక్కిపడి దీపం వైపు చూసింది.

అప్పణ్ణించి మా ఇంట్లో జరిగినదాన్ని బయట ఎవరైనా చూస్తే మమ్మల్ని తన్నేవాళ్ళు. పాలు కలిపి పక్కన పెట్టుకుని, అడిగేదాకా ఇవ్వకుండా కూర్చునేవాళ్ళం. పిల్లకి ఆకలేస్తుంది. టోపీ కింద దీపం వెలుగుతుంది. పిల్ల ఆ టోపీని చూస్తుంది, చూస్తుంది, పెదాలు ఎండిపోతాయి. మా ఆయన తట్టుకోలేక లేచి పెరట్లోకి వెళ్ళిపోతారు. చివరికి నేనే ఓడిపోయి సీసా నోట్లో పెట్టేదాన్ని.

ఉపాయం మా అత్త పట్టింది. "దానికి ఏడుపంటే ఏటో తెలీదు. మనం ఏడిసి సూపిద్దాం" అని, పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాగం తీసింది. చావింట్లో శోకాలు పెట్టడంలో కూడా ఆవిడ దిట్టే. "ఓ నా తల్లో... ఆకలేస్తోందే... పాలియ్యవేటే..." అంటూ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని అదే పనిగా ఏడ్చింది. ఎవరు పోయారోనని మాణిక్యం పరిగెత్తుకొచ్చింది. అత్త కళ్ళు తుడుచుకోకుండానే "ఎవురూ పోనేదు, నువ్వూ కూకో, ఏడు" అంది. మాణిక్యం కూడా కూర్చుంది. అత్త ఏడుస్తుంటే నేను సీసా తెచ్చి ఆవిడ నోటి దగ్గర పెట్టేదాన్ని. అత్త ఏడుపాపి గుటక వేసినట్టు నటించేది. పిల్ల నోరు తెరుచుకుని మమ్మల్ని వింతగా చూసేది.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం నేను కూర తరుగుతున్నాను. చాప మీద భైరవి టోపీ వైపు చూసింది. తరవాత మెడ తిప్పి నావైపు చూసింది. నా మొహంకేసి, కళ్ళలోకి. గొంతులోంచి సన్నగా 'ఊ' అని ఒక మూలుగు. కత్తిపీట అక్కడే వదిలేసి దాన్ని ఎత్తుకుని ఇల్లంతా తిరిగాను. ఏడుపు కాదు గానీ నన్ను పిలిచింది. నన్ను!

మర్నాడే కబురొచ్చింది, సోమవారం కలెక్టరు గారు సదనానికి వస్తున్నారని.

అత్తతో సహా ముగ్గురం భైరవిని తీసుకుని వెళ్ళేసరికి హాలంతా పూలదండలు కట్టి ఉన్నాయి. ఫోటోగ్రాఫరు, డ్రైవరు, గన్‌మన్, ఫైళ్ళు మోసే గుమస్తా, మూల నిలబడ్డ విభావరి. కలెక్టరమ్మ చిన్న వయసు మనిషి, రెండు వరసల ఊయలలనీ చూస్తూ వచ్చి "ఇంత నిశ్శబ్దమా!" అంది. సుదర్శనం గారు ఉబ్బిపోయారు. ఏడవకపోతే నా పిల్ల మూగబోయినట్టు. ఏడిస్తే నా పిల్ల నాది కానట్టు. దేవుడికి ఏమని మొక్కుకోవాలో కూడా తెలీని పరిస్థితి తెచ్చారు కదా అని లోపల్లోపల కుతకుత ఉడికిపోతున్నాను.

భైరవిని ఊయలలో పడుకోబెట్టి గీత అవతలికి నడిచాను. దాని చేతిలో ఇరుక్కున్న నా కొంగు విడిపించుకోవాల్సి వచ్చింది. నీలం దీపం వెలిగింది. పిల్ల దానివైపు చూసింది. ఊయల ఊగింది, సన్నగా జోలలాంటి చప్పుడు చేసింది. పిల్ల చూస్తూనే ఉంది. కెమెరా క్లిక్కుమంది. సుదర్శనం గారు కలెక్టరమ్మతో "చూశారా మేడమ్" అన్నారు. మా ఆయన ఊపిరి వదిలారు.

అప్పుడు భైరవి మెడ తిప్పింది. మనుషుల్లో ఒక్కొక్కరి మొహం వెతికింది. నేను దొరికాను. కింది పెదవి వణికింది, మొహం ముడుచుకుపోయింది, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకుందో, ఒక్కసారిగా గొంతెత్తి కెవ్వున ఏడ్చింది. ఎర్రగా కందిపోయి, రెండు చేతులూ నావైపు చాచి, గుక్కపట్టి!

"ఎవరూ దగ్గరికి వెళ్ళకండి! ఊయల సముదాయిస్తుంది," అని సుదర్శనం గారు చెయ్యి అడ్డం పెట్టారు. "గీత దాటితే ఇక్కడితో అయిపోయినట్టే మేడమ్, చెబుతున్నాను."

"నీ గీత నువ్వే దాచుకో!" అని ఆ చేతిని తోసేసి వెళ్ళి నా పిల్లని ఎత్తుకున్నాను. అది నా మెడ పట్టుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది. ఏడవనియ్యి అనుకున్నాను. పట్టీ పీకి అవతల పారేశాను.

పక్క ఊయలలో పిల్లాడు దీపం మీంచి చూపు తిప్పి మావైపు చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ చప్పుడు వాడు విని ఉండడు. నోరు తెరిచాడు. వాడి గొంతు మొదట కీచుమంది, తరవాత తెరుచుకుంది. వాడి అవతలి పిల్ల అందుకుంది. ఆపైన వరస వరసంతా అంటుకుంది. దీపాలు పిచ్చెక్కినట్టు వెలిగి ఆరుతున్నాయి, పాలపీకలు నోళ్ళ ముందు ఆడుతున్నాయి, ఒక్కడు పీక అందుకుంటే ఒట్టు. హాలు దద్దరిల్లిపోయింది.

"ఆయాలని పిలవండి!" కలెక్టరమ్మ చెవులు మూసుకుని అరిచింది.

ఇద్దరు ముసలి ఆయాలు పరిగెత్తుకొచ్చి, ఎవర్ని ఎత్తుకోవాలో తెలీక మధ్యలో నిలబడిపోయారు.

"మిగతావాళ్ళేరీ?"

సుదర్శనం గారు ఏదో గొణిగారు.

"వినపడట్లేదు! గట్టిగా!"

"ఊయలలు వచ్చాక మాన్పించేశామండీ! అవసరం లేక!"

కలెక్టరమ్మ ఆయన్ని ఒక చూపు చూసింది. ఆ చూపు నా పళ్ళెంలో వడ్డించినంత సంతోషమేసింది నాకు. ఆవిడ వంగి దగ్గరున్న పిల్లని ఎత్తుకుని, "చూస్తూ నిలబడతారేంటి? ఎత్తుకోండి అందరూ!" అంది.

గన్‌మన్ తుపాకీ వెనక్కి తోసుకుని ఒకణ్ణి ఎత్తుకున్నాడు. డ్రైవరు, ఫోటోగ్రాఫరు తలా ఒకరిని పట్టుకున్నారు. మా ఆయన రెండు చేతుల్లో ఇద్దరు. మా అత్త నేల మీద కాళ్ళు బారచాపుకుని కూర్చుని "ఇలాగియ్యండి, ఇలాగియ్యండి" అంటూ ముగ్గుర్ని పోగేసుకుంది. విభావరి ఒక పిల్లని తీసుకుని బొమ్మలా పట్టుకుంది. "తల పట్టుకోండి, తల!" అని నేను కేకేస్తే గుండెకి అదుముకుంది. పిల్లతో పాటు తనూ ఏడుస్తోంది.

కలెక్టరమ్మ భుజాన పిల్లని వేసుకునే నా దగ్గరికొచ్చింది. భైరవి ఏడుపు వెక్కిళ్ళలోకి దిగి, ముక్కు నా జాకెట్టుకి రుద్దుతోంది. ఆవిడ దాన్ని ఎత్తుకోబోయి చెయ్యి చాచింది. భైరవి మళ్ళీ కెవ్వుమని నన్ను కరుచుకుంది.

"సరేనమ్మా సరే, నాకు అర్థమైంది," అని కలెక్టరమ్మ గుమస్తా వైపు తిరిగింది. "ఫైలు పట్టండి."

గుమస్తా వీపు వంచితే దాని మీద పెట్టి సంతకం చేసింది. చంకలో పిల్ల పెన్ను లాక్కోబోతుంటే సంతకం వంకరపోయింది. "ఈ ఊయలల సంగతి రేపు మాట్లాడదాం, మీరు ఎక్కడికీ వెళ్ళకండి," అని సుదర్శనం గారితో అంది. ఆయన చొక్కా నిండా ఎవరో పాలు కక్కారు.

గుమస్తా ఆర్డరు ఫైలు నాకు అందించాడు. నా చంకలో భైరవి, భుజం మీద పక్క ఊయల పిల్లాడు.

"చేతులు ఖాళీ లేవు బాబూ, మా ఆయనకివ్వు," అన్నాను.

మా ఆయన తల అడ్డంగా ఊపారు. మా అత్త వైపు చూస్తే ఆవిడ అసలు తలెత్తలేదు. ఆ హాల్లో కాగితం పట్టుకోగలిగిన చెయ్యి ఒక్కటి లేదు. గుమస్తా చేతికీ అప్పుడే ఎవరో ఒక పసిగుడ్డుని అందిస్తున్నారు. అతను అటూ ఇటూ చూసి, ఆ ఫైలుని భైరవి ఖాళీ చేసిన ఊయలలో పెట్టేశాడు. దాని పైన దీపం వెలిగింది. లోపల ఎవరున్నారో చూసుకోకుండానే ఊయల ఆ ఫైలుని మెల్లగా ఊపుతూ జోల మొదలుపెట్టింది.